హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో నాగార్జునకొండ, ఎలా ప్లాన్ చేసుకోవాలంటే

సాగర్ అనగానే మనోళ్ళు అడిగేది ఒకటే, గేట్లు ఎత్తారా అని. ఆ డ్యామ్ వెనక ఇప్పుడు నీళ్ళున్న చోట క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేది, ఎక్కడెక్కడి నుంచో బౌద్ధ భిక్షువులొచ్చి ఉన్న ఊరు, సింహళం వాళ్ళకైతే విడిగా ఒక విహారమే ఉండేది. గేట్ల సంగతి పక్కన పెట్టి ఒక్కసారి దాని కోసమే వెళ్ళండి.

శుక్రవారం మాత్రం పెట్టుకోవద్దు, ఆ నీళ్ళ మధ్య దీవిలా మిగిలిన నాగార్జునకొండ మీద మ్యూజియంకి ఆ రోజు సెలవు. దూరం 150 కిలోమీటర్లు అటూఇటూగా, ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డెక్కి ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా పోవడమే. ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి బస్సులున్నాయి గానీ అక్కడ దిగాక ఒక్కోటీ ఒక్కో మూల, ఆటోలకే టైమంతా పోతుంది కాబట్టి కారో బైకో బెటర్. తెల్లారకముందే బయల్దేరి టిఫిన్ దారిలో కానిచ్చేయండి.

నేరుగా డ్యామ్ అవతలికి, ఆంధ్ర వైపు విజయపురి సౌత్‌లో ఉన్న లాంచీ స్టేషన్‌కి వెళ్ళిపోండి, మిగతావన్నీ తర్వాత. లాంచీ టైమింగ్స్ ముందురోజే ఫోన్ చేసి కనుక్కోవాలి, ఎందుకంటే జనం సరిపడా లేకపోయినా గాలి ఎక్కువున్నా లాంచీ కదలదు. నీళ్ళ బాటిల్, బిస్కెట్లు పెట్టుకోండి. కొండ దగ్గర దిగగానే మళ్ళీ ఎన్నింటికి ఎక్కాలో అడగండి, టైమ్ తక్కువిస్తారు కాబట్టి సెల్ఫీలు ఆపి ముందు మ్యూజియంలోకి వెళ్ళండి.

లోపల ఆకుపచ్చ ఛాయ ఉన్న సున్నపురాయి పలకలు వరసగా ఉంటాయి, వాటి దగ్గర కాస్త నిదానంగా నిలబడండి. బుద్ధుడి కథలో ఒక్కో ఘట్టం అయ్యాక మధ్యలో ఒక స్త్రీ పురుషుల జంటని చెక్కారు, ఒక సీన్ అయిపోయింది ఇంకోటి మొదలవుతోంది అన్నట్టు, అది పట్టుకుంటే మొత్తం పలక సినిమా రీల్ లాగా చదివేయొచ్చు. మునిగిపోయిన లోయ మోడల్ కూడా ఉంది, ఏది ఎక్కడుండేదో అందులో చూసుకుని బయటికొస్తే తిరిగి కట్టిన స్తూపాలు బాగా అర్థమవుతాయి. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు, డ్యామ్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955లో, అంటే ఒక పక్క డ్యామ్ లేస్తుంటే ఇంకో పక్క తవ్వకం అన్నమాట. మహాచైత్యం, అంటే ఇక్కడి పెద్ద స్తూపం, పునాది బండిచక్రం ఆకారంలో ఉంటుంది, దానికి ఖర్చు పెట్టించింది ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి. రాజులేమో వైదిక యజ్ఞాలు చేసుకున్నారు, ఇంట్లో ఆడవాళ్ళేమో బౌద్ధానికి దానాలిచ్చారు, ఇదైతే నాకు భలే నచ్చింది!

తిరిగొచ్చాక భోజనం, చేపల వేపుడు తినకుండా రావద్దు. తర్వాత అటువైపే ఉన్న అనుపు, నీళ్ళలో మునగకుండా తెచ్చి మళ్ళీ పేర్చిన కట్టడాలు. అక్కడి మెట్ల స్టేడియంలో ఒకళ్ళు మధ్యలో నిలబడి మాట్లాడితే ఇంకొకళ్ళు పై మెట్టు మీద కూర్చుని వినండి, పిల్లలుంటే ఇక కదలరు.

సాయంత్రానికి ఇవతలికి, తెలంగాణ వైపుకి, వచ్చి హిల్ కాలనీ దగ్గర బుద్ధవనం, బౌద్ధం మీద కట్టిన థీమ్ పార్క్. 2022లో ఓపెన్ చేశారు, 274 ఎకరాలు, నడవాలి బాగా. అంతా కొత్తగా కట్టిందే, పాత రాయి చూసొచ్చిన కంటికి కొంచెం బోసిగా అనిపిస్తుంది గానీ అమరావతి స్తూపం అసలు ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే ఇక్కడి మహాస్తూపం పనికొస్తుంది. శ్రీలంక అవుకన బుద్ధుడి నమూనా కూడా ఉంది, 27 అడుగులు.

గ్రూపులో ఎవరో ఒకరు ఎత్తిపోతల జలపాతం కూడా కలిపేద్దాం అంటారు, ఒప్పుకోకండి, అటు వెళ్తే బుద్ధవనం చీకట్లోనే చూడాలి.