జేబులో ఫోన్ లేని రెండు రోజుల కోసం ముందే సర్దుకోవడం ఎలా

ఫోన్ వాడకం తగ్గించుకోండి, పడుకునే ముందు చూడకండి, నోటిఫికేషన్లు ఆపేయండి అని చెప్పేవాళ్లకి కొదవ లేదు, ఆ సలహాలు కూడా మనం ఫోన్‌లోనే చదువుతాం. నేను చెప్పబోయేది వేరే సంగతి. రోజుకి ఎన్ని గంటలు చూస్తారన్నది మీ ఇష్టం. కానీ ఒక్కసారి ఇలా అనుకోండి: విజయవాడ నుంచి వచ్చి రాత్రి తొమ్మిదింటికి హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో బస్సు దిగారు, జేబు తడుముకుంటే ఫోన్ లేదు. ఆటోకి ఇవ్వడానికి చేతిలో ఎంతుంది? పక్కనున్న మనిషిని బతిమాలి ఫోన్ తీసుకుంటే ఎవరి నంబర్ కొడతారు? వెళ్లాల్సిన ఇంటికి దారి, వాట్సాప్ లొకేషన్ లేకుండా, నోటితో చెప్పగలరా?

చాలామందికి మూడింటికీ జవాబు ఉండదు. పర్సు, పాస్‌బుక్, నంబర్ల డైరీ, ఆధార్ కార్డు, టికెట్టు, అన్నీ ఒక్క వస్తువులో పెట్టేశాం. అదేమీ నేరం కాదు, సుఖంగానే ఉంది. చిక్కెక్కడంటే, ఆ వస్తువు పోతే దాన్ని వెతకడానికీ, బ్యాంకుకి చెప్పడానికీ, సిమ్ ఆపించడానికీ కూడా అదే కావాలి.

పైగా చాలామందికి తెలియని రూల్ ఒకటుంది. పోయిన సిమ్‌కి బదులు డూప్లికేట్ సిమ్ తీసుకుంటే కాల్స్ వస్తాయి గానీ మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు పనిచేయవు. మీ నంబర్ మీద ఎవడో దొంగతనంగా కొత్త సిమ్ తీసుకుని, మీకే రావాల్సిన ఓటీపీలతో ఖాతా ఊడ్చేయకుండా పెట్టిన రూల్ అది, మంచిదే. కానీ ఆ 24 గంటలూ ఓటీపీలు రావు, ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి కొత్త ఫోన్‌లో మొదలవ్వవు, ఎందుకంటే అవి మొదలవ్వాలంటే మీ సిమ్ నుంచి ఒక మెసేజ్ బయటికి వెళ్లాలి. అంటే సాయంత్రం షాపులు మూసేశాక ఫోన్ పోతే, మర్నాడు సిమ్, ఆ తర్వాతి రోజు ఓటీపీ. కాబట్టి మన లెక్క రెండు రోజులు. ఫోన్ లేకుండా రెండు రోజులు ఇల్లు గడవాలి, డబ్బు భద్రంగా ఉండాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే ఈ ఏర్పాటు మొత్తం అయిపోతుంది.

ముందు ఒక కాగితం

ఫోన్‌లో నోట్స్ కాదు, నిజం కాగితం. మీ ఫోన్‌లో డయల్ చేసే చోట స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టండి, ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే 15 అంకెల గుర్తింపు నంబర్, ఐఎంఈఐ, కనిపిస్తుంది, రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు ఉంటాయి, రెండూ రాసుకోండి. కొన్నప్పటి బిల్లు ఉంటే దాన్నీ ఈ కాగితానికి పిన్ను కొట్టేయండి, తర్వాత పోలీస్ స్టేషన్‌లో ఇదే అడుగుతారు. దాని కింద మీ బ్యాంకు కార్డు బ్లాక్ చేసే టోల్‌ఫ్రీ నంబర్ (అది కార్డు వెనకే ఉంటుంది, కానీ కార్డు కూడా పోతే?), సిమ్ కంపెనీ కస్టమర్ కేర్ నంబర్, వేరే కంపెనీ ఫోన్ నుంచి కూడా కలిసేది, మీ గూగుల్ ఐడీ, ఇంట్లోవాళ్ల నంబర్లు, పక్కింటివాళ్ల నంబర్ ఒకటి. పిన్నులు, పాస్‌వర్డ్‌లు మాత్రం ఇందులో వద్దు. ఇది బీరువాలో ఉంటుంది.

పర్సులోకి ఇంకో చిన్న చీటీ, అందులో మూడు నాలుగు ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రస్ చాలు. అడ్రస్ అంటే ఆటో అతనికి అర్థమయ్యే అడ్రస్, ఫలానా గుడి వెనక, ఫలానా స్కూల్ సందు, అలాంటిది.

చీటీ ఉన్నా సరే, రెండు నంబర్లు నోటికి వచ్చి ఉండాలి. బట్టీ పట్టక్కర్లేదు, ఇంటికి ఫోన్ చేసేటప్పుడు పేరు నొక్కకుండా అంకెలు కొట్టండి, కొన్నాళ్లకి వేళ్లకే వచ్చేస్తుంది. ల్యాండ్‌లైన్ రోజుల్లో మనందరికీ అలా వచ్చినవే. పిల్లలకి కూడా ఇదే నేర్పండి, స్కూల్లో ఎవరి ఫోన్ దొరికినా అమ్మ నంబర్ కొట్టగలగాలి.

డబ్బు

పర్సులో కొంచెం నగదు పెట్టుకోండి అంటే అందరూ ఒక 500 నోటు మడిచి పెడతారు. ఆటోవాళ్లు, టిఫిన్ బండి వాళ్లు దానికి చిల్లర ఎక్కడినుంచి ఇస్తారు? వందలు, యాభైలు, ఇరవైలుగా ఓ ఐదారొందలు పెట్టండి, ఇంట్లో ఇంకో రెండు మూడు వేలు. ఆ నోటుని, ఏటీఎం కార్డుని ఫోన్ వెనక కవర్లో దాచుకునే అలవాటు ఒకటి ఉంది చూశారూ, దాన్ని ఈరోజే మానేయండి. ఫోన్ పోయినప్పుడు అక్కరకొచ్చేదాన్ని ఫోన్‌తోపాటే పోయే చోట పెట్టడమేంటి?

ఏటీఎం కార్డు ఉందిగా అంటారేమో, పిన్ గుర్తుందా? యూపీఐ వచ్చాక చాలామంది కార్డుని ముట్టుకోవడమే మానేశారు, యూపీఐ పిన్‌నే ఏటీఎం పిన్ అనుకుని మూడుసార్లు కొట్టి కార్డు బ్లాక్ చేసుకుంటున్నారు. పిన్ మార్చుకోవాలంటే మళ్లీ ఓటీపీ. అందుకని నెలకోసారి ఏటీఎంకి వెళ్లి కార్డుతో ఓ వెయ్యి తీయండి, పిన్ గుర్తుంటుంది, కార్డు పనిచేస్తోందో లేదో తెలుస్తుంది, ఇంట్లో నగదూ ఉంటుంది.

కార్డు కూడా లేకపోతే ఇంకో దారి ఉంది, పల్లెటూళ్లలో అందరికీ తెలిసిందే, సిటీవాళ్లే మర్చిపోయారు. బ్యాంకు తరఫున పనిచేసే ఏజెంట్, అదే బ్యాంక్ మిత్ర దగ్గరో, పోస్టాఫీసులోనో ఆధార్ నంబర్ చెప్పి వేలిముద్ర వేస్తే ఖాతాలోంచి డబ్బు ఇస్తారు. ఫోన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఖాతాకి ఆధార్ లింకై ఉండాలి, అంతే.

సిమ్ ఎవరి పేరు మీద ఉంది?

ఇది విచిత్రంగా అనిపిస్తుంది గానీ చాలా ఇళ్లలో సమాధానం తెలియదు. కాలేజీలో ఉన్నప్పుడు అన్నయ్య ఆధార్‌తో తీసుకున్న సిమ్, నాన్న పేరు మీద ఉన్న సిమ్, ఎప్పుడో స్నేహితుడు తీసిచ్చిన సిమ్, వాటికే ఇప్పుడు మన బ్యాంకు, ఆధార్, గ్యాస్, పీఎఫ్ అన్నీ లింకై ఉన్నాయి. డూప్లికేట్ సిమ్ కావాలంటే ఆ పేరుగల మనిషే ఒరిజినల్ కార్డుతో షాపుకి రావాలి. అన్నయ్య బెంగళూరులో ఉంటే? నాన్న పోయి ఉంటే? టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఒక నంబర్ కొట్టి ఓటీపీ ఇస్తే, ఆ నంబర్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల కనెక్షన్లన్నీ చూపిస్తుంది, కాబట్టి మీ పేరు మీదే ఉందని ఖాయంగా తెలిసిన నంబర్‌తో చూడండి. మీరు వాడే నంబర్ ఆ లిస్టులో కనపడకపోతే, ఏ తొందరా లేని ఈ రోజుల్లోనే కంపెనీ స్టోర్‌కి వెళ్లి పేరు మార్పించుకోండి. ఈ గైడ్‌లో ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇదే చేయమంటాను.

సిమ్‌కి పిన్ లాక్ పెట్టొచ్చని కూడా చాలామంది మర్చిపోతారు. ఫోన్‌కి ఎంత గట్టి లాక్ పెట్టినా, దొంగ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటే ఓటీపీలన్నీ వాడికే. సిమ్ పిన్ ఉంటే అది కుదరదు. పెట్టేముందు మీ కంపెనీ ఇచ్చే మొదటి పిన్ ఏంటో కస్టమర్ కేర్‌ని అడిగి మరీ పెట్టండి, ఊహించి కొట్టకండి, మూడుసార్లు తప్పు పడితే సిమ్ మూసుకుపోతుంది, తర్వాత దాన్ని మళ్లీ తెరిచే పీయూకే నంబర్ కోసం మళ్లీ వాళ్ల చుట్టూ తిరగాలి. అలాగే లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనిపించకుండా చేయండి, తాళం తీయకుండానే ఓటీపీ చదివేలా ఉంటే ఆ తాళం ఎందుకు? వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ కూడా ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టండి.

ఇక గూగుల్. ఫోన్ పోయాక పక్కవాళ్ల ఫోన్‌లో మీ జీమెయిల్ తెరవబోతే, మీ ఫోన్‌కి ఒక ప్రశ్న పంపాం, అవును అని నొక్కండి అంటుంది. ఏ ఫోన్‌కి? పోయిన ఫోన్‌కి! దీనికి మందు బ్యాకప్ కోడ్‌లు. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీలోకి, అక్కడ టూ స్టెప్ వెరిఫికేషన్‌లోకి వెళ్తే ఎనిమిదంకెల కోడ్‌లు పది ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది, ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. పాత ఫోన్ ఏదైనా ఇంట్లో పడి ఉంటే అందులో మీ గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయి వైఫైకి కలిపి ఉంచినా సరే, ఆ ప్రశ్న దానికీ వస్తుంది. అమ్మితే నాలుగు డబ్బులు రాని పాత ఫోన్‌కి ఇంతకంటే మంచి ఉపయోగం నాకు కనపడలేదు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో థెఫ్ట్ ప్రొటెక్షన్ అని ఉంటుంది, అందులో రిమోట్ లాక్ ఆన్ చేసుకుంటే, తర్వాత ఎవరి ఫోన్ నుంచైనా ఆండ్రాయిడ్ డాట్ కామ్ స్లాష్ లాక్‌లోకి వెళ్లి మీ నంబర్ కొట్టి స్క్రీన్ లాక్ చేసేయొచ్చు.

ఆధార్, లైసెన్స్ డిజిలాకర్‌లో ఉన్నాయి కదా అని ఒరిజినళ్లు ఊళ్లో వదిలేయకండి. డూప్లికేట్ సిమ్‌కి ఒరిజినల్ కావాలి. తెలంగాణలో ఆడవాళ్ల మహాలక్ష్మి ఉచిత ప్రయాణానికి ఒరిజినల్ కార్డే చూపించాలని ఆర్టీసీ చెప్తూ వచ్చింది.

పోయాక ఏది ముందు

టెన్షన్‌లో అందరూ ముందు పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తుతారు. దానికంటే ముందు చేయాల్సినవి ఉన్నాయి. ఎవరిదో ఫోన్ తీసుకుని మీ నంబర్‌కి కొట్టండి, ఆటోలో మర్చిపోయి ఉంటే ఎత్తే మంచివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. స్విచ్చాఫ్ వస్తే ఇక ఆశ వదిలి సిమ్ బ్లాక్ చేయించండి, తర్వాత బ్యాంకుకి చెప్పి యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ ఆపించండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్, ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బు వేరే ఖాతాల్లోకి జారిపోకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ తర్వాత ఫోన్ లాక్ చేయడం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో డేటా మొత్తం చెరిపేసే బటన్ మాత్రం చివర్న నొక్కండి, ఒకసారి చెరిపేశాక అది ఎక్కడుందో చూపించడం ఆగిపోతుంది.

ఇప్పుడు స్టేషన్. కంప్లైంట్ కాపీ తప్పకుండా తీసుకోండి, డూప్లికేట్ సిమ్ తీసుకోండి, ఆ 24 గంటలు గడిచి ఎస్సెమ్మెస్ రావడం మొదలయ్యాక పోయిన ఫోన్లని బ్లాక్ చేసే ప్రభుత్వ వెబ్‌సైట్ సీఈఐఆర్‌లో ఐఎంఈఐ, కంప్లైంట్ కాపీ పెట్టి ఫోన్ బ్లాక్ చేయండి. ఆ ఓటీపీ కూడా మీ నంబర్‌కే వస్తుంది మరి. 2023 మే నుంచి ఇది దేశమంతా పనిచేస్తోంది, బ్లాకైన ఫోన్‌లో ఇక్కడ ఏ కంపెనీ సిమ్ వేసినా నడవదు. ఈ పద్ధతిలో తెలంగాణ పోలీసులు వేల ఫోన్లు పట్టి తిరిగిచ్చారు, కాబట్టి పాత ఫోనే కదా అని వదిలేయకండి. దొరికాక అదే వెబ్‌సైట్‌లో అన్‌బ్లాక్ చేయడం మర్చిపోతే మాత్రం చేతిలో ఉన్నా పనికిరాదు.

ఇంట్లో అందరి ఓటీపీ ఒక్కరి ఫోన్‌కే వస్తుంటే

అమ్మానాన్నల బ్యాంకు ఖాతాకి కొడుకు నంబర్, గ్యాస్‌కి కొడుకు నంబర్, ఆ కొడుకు డాలస్‌లోనో దుబాయ్‌లోనో. గ్యాస్ బండి ఇంటి ముందుకొచ్చి డెలివరీ కోడ్ చెప్పమంటే, డాలస్‌లో అయితే అర్ధరాత్రి పిల్లాడిని లేపాలి. ఇక్కడి సిమ్ అక్కడ రీఛార్జి లేకుండా పడి ఉంటే ఇంకా చిక్కు, 90 రోజులు వాడకపోతే ఆ నంబర్ తీసేసి తర్వాత ఇంకెవరికో ఇచ్చేయొచ్చు, మీ నాన్నగారి ఖాతా మెసేజ్‌లు అప్పుడు ఎవరికి వెళ్తాయో ఆలోచించండి. ఈసారి సెలవులకి వచ్చినప్పుడు వాళ్ల పేరు మీదే సిమ్ తీసి, డబ్బా ఫోన్‌లో వేసి, గ్యాస్‌కి, బ్యాంకుకి అదే నంబర్ ఇవ్వండి. కీప్యాడ్ ఫోన్‌లో ఓటీపీ చదవడం పెద్దవాళ్లకి నిజానికి తేలిక. ఎవరు అడిగినా చెప్పకూడదన్నది మాత్రం పదిసార్లు చెప్పాలి.

ఒక పూట రిహార్సల్

ఇదంతా చేశాక పనిచేస్తుందో లేదో చూసుకోవాలి. ఆదివారం పూట ఫోన్ ఇంట్లో పెట్టి కూరగాయలకి, మంగలి షాపుకి, చుట్టాలింటికి వెళ్లి రండి, ఎక్కడ ఇరుక్కున్నారో గుర్తుపెట్టుకుని వచ్చి కాగితంలో కలపండి.

లేదా తిరుమల వెళ్లేదాకా ఆగండి, అక్కడ ఎలాగూ తప్పదు. గుళ్లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, కౌంటర్లో డిపాజిట్ చేశాక కంపార్ట్‌మెంట్లలో గంటలు గంటలు గడుస్తాయి. బయటికొచ్చే తోపులాటలో అత్తగారొక వైపు, పిల్లలొక వైపు పోతే పిలవడానికి ఏమీ ఉండదు, అందరి ఫోన్లూ ఒకే సంచిలో, ఆ రసీదు ఒక్కరి జేబులో. అందుకని లైన్లోకి వెళ్లకముందే చోటు అనుకోండి, బేడి ఆంజనేయస్వామి గుడి దగ్గర అంటే ఎవరిని అడిగినా చూపిస్తారు, తప్పిపోయినవాళ్లు అక్కడే ఉండాలి, వెతకడానికి ఒక్కరే తిరగాలి. రూమ్ నంబర్, కాటేజీ పేరు రాసిన చీటీ పిల్లల జేబుల్లో, పెద్దవాళ్ల జేబుల్లో పెట్టండి, రసీదు తీసుకున్న మనిషికి మాత్రం లడ్డూల లైన్ పని అప్పజెప్పకండి.