రెండు రంధ్రాల అట్టతో గురుగ్రహ చంద్రుణ్ణి కొలిచే విధానం

నల్గొండలో ఒకరు, మహబూబ్‌నగర్‌లో ఒకరు ఒకే రాత్రి ఒకే నక్షత్రాన్ని ఫొటో తీసి, వాటిని కంప్యూటరులో ఒకదానిపై ఒకటి పేర్చితే బొమ్మలో మచ్చలు తగ్గుతాయే గాని, ఏ ఒక్క టెలిస్కోపుకూ అందని సూక్ష్మ వివరం కొత్తగా బయటపడదు. అది కావాలంటే రెండు అద్దాల నుంచి వచ్చిన కాంతి తరంగాలే, దారి పొడవులో కొన్ని మైక్రోమీటర్లకు మించి తేడా లేకుండా, ఒకచోట కలవాలి. చిలీలోని పరానల్‌లో 8.2 మీటర్ల టెలిస్కోపులు నాలుగింటి కాంతిని సొరంగంలోని కదిలే అద్దాలతో ఇలాగే కలుపుతారు. ఈ సూత్రాన్ని 8 అంగుళాల న్యూటోనియన్ (అద్దంతో కాంతిని సేకరించే) టెలిస్కోపు ఒక్కదానితో మన డిగ్రీ కళాశాలల విద్యార్థులు స్వయంగా పరీక్షించవచ్చు. 1891లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త మైకెల్సన్ అక్కడి లిక్ వేధశాలలో 12 అంగుళాల టెలిస్కోపుతో గురుగ్రహ చంద్రులను ఈ పద్ధతిలోనే కొలిచాడు.

గొట్టం మూతికి సరిపోయే దళసరి నల్ల అట్టలు ఏడెనిమిది కోసి, ఒక్కోదానిలో 4 సెంటీమీటర్ల రంధ్రాలు రెండేసి చేయాలి. ఈ రెండు రంధ్రాలే ఇక్కడ రెండు వేర్వేరు అద్దాల పని చేస్తాయి. వాటి కేంద్రాల మధ్య దూరం మొదటి అట్టలో 5 సెంటీమీటర్లతో మొదలై చివరి దానిలో 14 వరకు పెరగాలి. గొట్టం మధ్యలోని చిన్న అద్దం నీడ రంధ్రాలపై పడకూడదు గనుక వాటిని వ్యాసంపై కాక, కేంద్రానికి ఒక పక్కగా గీసిన జ్యాపై అమర్చాలి.

పగలంతా కాగిన డాబా, బండరాళ్ళు రాత్రి చాలాసేపు వేడిని వదులుతూ గాలిని కదిలిస్తాయి కనుక ఊరి బయట చెలకలో, అర్ధరాత్రి దాటాక చూడటం మేలు. అట్ట లేకుండా ఆర్ద్రా నక్షత్రంపై ఫోకస్ సరిచేసి, 300 రెట్ల వృద్ధీకరణతో అట్ట పెడితే నక్షత్రపు చుక్కకు అడ్డంగా సన్నని వ్యతికరణ పట్టీలు, అంటే రెండు రంధ్రాల కాంతి తరంగాలు కలిసినందువల్ల ఏర్పడే వెలుగు చీకటి చారలు, కనిపిస్తాయి. అట్టను తిప్పితే పట్టీలూ తిరగాలి. తిరగకపోతే మీరు చూస్తున్నవి పట్టీలు కావు. చూసే వస్తువు కోణీయ వ్యాసం (ఆకాశంలో అది కనిపించే వెడల్పు) ఎంత పెద్దదైతే, రంధ్రాల మధ్య అంత తక్కువ దూరంలోనే పట్టీలు చెరిగిపోతాయి. 14 సెంటీమీటర్ల దూరంలోనూ ఆర్ద్ర పట్టీలు చెరగవు, ఎందుకంటే దాని కోణీయ వ్యాసం అంత చిన్నది: 1920లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో అద్దాలను సుమారు 3 మీటర్ల దూరానికి జరిపితే గాని పట్టీలు మాయం కాలేదు, అప్పుడు తేలిన వ్యాసం 0.047 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). మన జపాల్–రంగాపూర్ వేధశాలలోని 48 అంగుళాల అద్దానికి, గాలి అసలే అడ్డురాదనుకున్నా, విడిగా చూడగల సూక్ష్మ వివరపు హద్దు 0.1 ఆర్క్ సెకను దగ్గరే ఆగుతుంది.

ఇప్పుడు గురుగ్రహానికి తిప్పి, దాని చంద్రుల్లో పెద్దదైన గానిమీడ్‌ను చూడండి. ఆకుపచ్చ ఫిల్టరు పెట్టి, తక్కువ దూరపు అట్టతో మొదలుపెట్టి ఒక్కొక్కటే మార్చుతూ పోతే పట్టీలు క్రమంగా వెలిసిపోయి, ఒక అట్టతో పూర్తిగా పోతాయి. ఆ అట్టలోని దూరాన్ని సెంటీమీటర్లలో తీసుకొని 13.8ని దానితో భాగిస్తే చంద్రుడి వ్యాసం ఆర్క్ సెకన్లలో వస్తుంది; గురుడు భూమికి దగ్గరగా ఉన్నప్పుడు గానిమీడ్‌కు పట్టీలు దాదాపు 8 సెంటీమీటర్ల వద్ద చెరగాలి. గాలి కదలిక వల్లనే పట్టీలు మసకబారాయేమోనన్న అనుమానం తప్పక వస్తుంది, రావాలి కూడా. వెంటనే అదే అట్టతో పక్కనున్న నక్షత్రాన్ని చూసి, దాని పట్టీలు నిలిచి ఉంటేనే కొలతను రాసుకోండి.