5600 కొన్నా, 5600జీ కొన్నా: ప్రాసెసర్‌ని తిట్టే ముందు చూడాల్సినవి

రైజెన్ 5 5600, రైజెన్ 5 5600జీ. రెండూ ఏఎండీ ప్రాసెసర్లు. పేరులో తేడా ఒక్క అక్షరం. రెండిటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు, మదర్‌బోర్డు మీద కూర్చునే అదే ఏఎం4 సాకెట్, డబ్బాలో అదే చిన్న కూలర్. జీ ఉంటే కొత్త మోడల్ అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి జీ 2021లో షాపులకొచ్చింది, ఉత్త 5600 ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో.

అసలు తేడా లోపలుంది. జీలో వేగా గ్రాఫిక్స్, అంటే తెర మీద బొమ్మ గీసే భాగం, లోపలే ఉంటుంది, 5600లో గ్రాఫిక్సే లేదు. దానికి బదులు 5600కి ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 32 ఎంబీ, పీసీఐఈ (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారి) 4.0 ఇచ్చారు. జీకి 16 ఎంబీ, పీసీఐఈ 3.0. చేతిలో గ్రాఫిక్స్ కార్డు ఉంటే, లేదా ఈ నెలలోనే కొంటుంటే 5600. కార్డు ఎప్పుడో చూద్దాం అనుకుంటే జీ. ఎంపిక అంతే, దీనికోసం పది వీడియోలు చూడక్కర్లేదు. తలనొప్పులన్నీ బిగించాక మొదలవుతాయి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే రావట్లేదు

ముందు క్యాబినెట్ వెనక్కి వెళ్లి కేబుల్ ఎక్కడ గుచ్చారో చూడండి. ర్యామ్ పీకి తుడవడం, బ్యాటరీ తీసి పెట్టడం, షాపుకి ఫోన్ చేసి గొడవపడటం అన్నీ తర్వాత. 5600 పెట్టిన సిస్టమ్‌లో మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐ పోర్టు ఉత్త అలంకారం. అది బోర్డుతో వచ్చింది కాబట్టి ఉంది, దాని వెనక బొమ్మ పంపేది ఏదీ లేదు. కేబుల్ కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు పోర్టులో ఉండాలి. కార్డే లేకపోతే, ఎంత తుడిచినా రాదు. లోపం ఎక్కడో చూపే డీబగ్ లైట్లున్న బోర్డయితే వీజీఏ (గ్రాఫిక్స్) దగ్గర లైటు వెలిగి ఆగిపోతుంది.

జీ ఉండి, పైన కార్డు కూడా పెట్టినవాళ్లకీ ఇదే మాట. బోర్డు పోర్టులో కేబుల్ ఉంటే కొన్ని బోర్డులు బొమ్మ చూపించవు, కొన్ని చూపిస్తాయి. చూపించేవే ఎక్కువ మోసం, కార్డు ఖాళీగా కూర్చున్నా మనకి తెలియదు.

కేబుల్ సరిగ్గానే ఉందీ అంటే రెండో అనుమానం బయోస్, అంటే ఆన్ చేయగానే ముందుగా నడిచే బోర్డులోని ప్రోగ్రామ్. బీ450 లాంటి పాత బోర్డు పాత బయోస్‌తో ఉంటే 5000 సిరీస్‌ని గుర్తుపట్టదు. పాత ప్రాసెసర్ ఇంకా బోర్డులో ఉండగానే అప్‌డేట్ చేసి, తర్వాతే విప్పండి.

జీ కొన్నాను, గేమ్ స్టక్ అవుతోంది

ఇక్కడే జనం ప్రాసెసర్ మీద పడతారు. జీ తీసుకోవద్దని ఫ్రెండ్ ముందే చెప్పాడంటూ వచ్చిన రేటుకి అమ్మేసి, 5600 తెచ్చుకుని, కార్డు లేక పైన చెప్పిన సమస్యలోకి వచ్చి పడతారు. పదిలో తొమ్మిదిసార్లు దోషం ర్యామ్‌ది.

కార్డు మీదైతే దాని సొంత మెమరీ చిప్పులుంటాయి. జీలోని గ్రాఫిక్స్‌కి సొంతదంటూ లేదు. ప్రతి ఫ్రేమ్‌కీ కావాల్సిందంతా మామూలు ర్యామ్ నుంచే తెచ్చుకోవాలి, అదే ర్యామ్‌ని కోర్లు కూడా వాడుకుంటుంటాయి. ఒకే కుళాయి దగ్గర రెండు కుటుంబాలు బిందెలు పెట్టినట్టు. డీడీఆర్4 3200 స్టిక్ ఒకటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ వస్తుంది. రెండు స్టిక్కులు రెండు చానెళ్లలో, అంటే ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఉన్న రెండు దారుల్లో, ఉంటే 51.2. ఈ తేడా ఎంఎస్ ఆఫీసులో, బ్రౌజర్‌లో కనిపించదు, గేమ్‌లో మాత్రం ఆటను బట్టి మూడో వంతు ఫ్రేములు పోవచ్చు. కొటేషన్‌లో 16 జీబీ అని రాసి ఉంటే సరిపోదు, 16 ఒకటా, 8 రెండా అని అడగండి. ఒకటి పెట్టుకుంటే తర్వాత ఇంకోటి వేసుకోవచ్చని చెప్తారు. కార్డు పెట్టుకునేవాళ్లకి ఆ సలహా పర్లేదు, జీ వాళ్లకి కాదు.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. పూట మొత్తం తినేసే రకం వేరే ఉంది. ఒక కుర్రాడి సిస్టమ్‌లో రెండు 8 జీబీ స్టిక్కులున్నాయి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ 16 జీబీ, స్పీడు 3200, స్లాట్స్ యూజ్డ్ 2 ఆఫ్ 4. అన్నీ పద్ధతిగా ఉన్నాయి. డ్రైవర్ తీసి వేశాం, విండోస్ కొత్తగా ఎక్కించాం, వేడి చూశాం. ఆట మాత్రం అలాగే నత్తనడక. చివరికి సీపీయూ-జెడ్ అనే, సిస్టమ్ వివరాలు చూపే ప్రోగ్రామ్ తెరిచి మెమరీ ట్యాబ్‌లోకి వెళ్తే చానెల్ దగ్గర సింగిల్ అని ఉంది. అద్దం తలుపు తీసి చూస్తే స్టిక్కులు రెండూ ప్రాసెసర్ పక్కనున్న మొదటి రెండు స్లాట్లలో, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

నాలుగు స్లాట్ల ఏఎం4 బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి వరస సాధారణంగా ఏ1, ఏ2, బీ1, బీ2. మొదటి రెండూ ఒక చానెల్‌వి, తర్వాతి రెండూ ఇంకో చానెల్‌వి. అంటే రెండు స్టిక్కులు కొని ఒక స్టిక్ వేగంతో నడుపుతున్నాడన్నమాట. టాస్క్ మేనేజర్ ఎన్ని స్లాట్లు నిండాయో చెప్తుంది కానీ అవి ఏ చానెల్‌వో చెప్పదు. అందుకే దాన్ని నమ్మి వదిలేయకండి. పవర్ ఆపి, స్టిక్కులు తీసి, ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది, అంటే ఏ2, బీ2లో టక్‌మనే దాకా నొక్కండి. స్లాట్ల పక్కన బోర్డు మీదే పేర్లు అచ్చేసి ఉంటాయి. రంగులు చూసి పెట్టకండి, అన్ని కంపెనీలూ ఒకే పద్ధతి పాటించవు. మళ్లీ సీపీయూ-జెడ్ తెరిస్తే డ్యూయల్ అనో, కొత్త వెర్షన్ అయితే 2 × 64-బిట్ అనో కనిపించాలి. రెండే స్లాట్లున్న బోర్డుకి ఈ టెన్షన్ లేదు.

అదే ట్యాబ్‌లో ఫ్రీక్వెన్సీ 1600 అని ఉంటే ర్యామ్ అమ్మినవాడు మోసం చేశాడని గొడవకి దిగకండి. డీడీఆర్ కాబట్టి రెండింతలు లెక్క, 3200 అన్నమాట. 1066 ఉంటే మాత్రం 2133లో నడుస్తోంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయాలి, కొన్ని బోర్డుల్లో దాని పేరు డీఓసీపీ. మొత్తం 8 జీబీయే ఉన్నవాళ్లు గ్రాఫిక్స్‌కి బయోస్‌లో 2 జీబీ కేటాయించి, విండోస్ నెమ్మదిగా ఉందని బాధపడటం ఇంకో ముచ్చట. అలాంటి సిస్టమ్‌కి ఆటో చాలు.

జీ మీద కార్డు పెట్టాను, ఆట మధ్యలో పట్టి పట్టి వదులుతోంది

కార్డు ఆర్ఎక్స్ 6400 గానీ, 6500 ఎక్స్‌టీ గానీ అయితే కారణం దాదాపు ఖాయం. వీటికి పీసీఐఈ లేన్లు, అంటే డేటా వెళ్లే వరసలు, నాలుగే, 4.0లో నడుస్తాయని లెక్కేసి అలా చేశారు. జీలో 3.0 కాబట్టి దారి సగమైపోతుంది. 6500 ఎక్స్‌టీలో మామూలుగా దొరికేది 4 జీబీ రకం. ఆ మెమరీ నిండగానే కార్డు ర్యామ్ వైపు పరిగెడుతుంది, అక్కడ దొరికిపోతాం. టెక్స్‌చర్ సెట్టింగ్ ఒక మెట్టు దించితే చాలావరకు సర్దుకుంటుంది. దీనికోసం 5600కి మారాలనుకుంటే ముందు బోర్డు పేరు చూసుకోండి. బీ550లో లాభం ఉంటుంది. బీ450, ఏ520 బోర్డులు ఎలాగూ 3.0 దాటనివ్వవు కాబట్టి ఈ ఒక్క ఇబ్బందీ అలాగే ఉంటుంది. ఆ డబ్బుతో ఎనిమిది లేన్లున్న 6600 లాంటి కార్డుకి మారడం నయం.

ప్రాసెసర్ మార్చాక సిస్టమ్ ఇంకా నెమ్మదైంది

కొత్త ప్రాసెసర్ చూడగానే చాలా బోర్డులు బయోస్‌ని డిఫాల్ట్‌కి తెచ్చేస్తాయి, ఎక్స్‌ఎంపీ ఎగిరిపోతుంది. మళ్లీ ఆన్ చేయండి, ఇంకేం లేదు.

అదే మార్పిడిలో మొదటిసారి ఆన్ చేయగానే ఎఫ్‌టీపీఎం (కీలు దాచిపెట్టే ప్రాసెసర్‌లోని భద్రతా భాగం) గురించి నల్ల తెర మీద ఒక ప్రశ్న రావచ్చు, వై నొక్కాలా ఎన్ నొక్కాలా అని. బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉండి రికవరీ కీ దగ్గర లేకుండా వై నొక్కితే డేటా తెరుచుకోదు. ప్రాసెసర్ విప్పకముందే కీ రాసి పెట్టుకోండి, లేదా బిట్‌లాకర్ ఆపేయండి.

మిగతావి అరుదు. పిన్ను వంగితే విప్పినప్పుడే కనిపిస్తుంది. కూలర్ కింద రాసే పేస్టు, పవర్ సప్లై గురించి పైవన్నీ అయ్యాకే ఆలోచించండి. కొత్త ప్రాసెసరే పాడై రావడం అంతకంటే అరుదు. అనుమానం తీరకపోతే కొన్న షాపుకే తీసుకెళ్లి, వాళ్ల బోర్డులో పెట్టి చూపించమనండి. 5600 అయితే మీ కార్డు కూడా పట్టుకెళ్లండి.