గ్రాఫిక్స్ కార్డుకు తేలికపాటి సాఫ్ట్‌వేర్: మా కడప అంగడిలో నేను పాటించే పద్ధతి

కడపలో ఏడురోడ్ల కూడలికి దగ్గర్లోనే మా రిపేరు అంగడి. మొన్న ఏప్రిల్‌లో, పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే పిల్లోడు సీపీయూ చంకన పెట్టుకుని వచ్చినాడు. "అన్నా, కొత్త కార్డు ఏపిచ్చినా, సిస్టమ్ ముందుకన్నా మొద్దుగా నడుస్తాంది" అన్నాడు. ఆన్ చేసి చూస్తే గడియారం పక్కన నాలుగు బొమ్మలు. ఒకటి చిప్ కంపెనీ ప్యానెల్, ఒకటి కార్డు మీద రంగురంగుల లైట్లు వెలిగించేది, ఒకటి కార్డు వేగాన్ని మామూలు హద్దు దాటించే ఓవర్‌క్లాకింగ్‌ది, ఇంకొకటి డ్రైవర్లన్నీ తానే అప్‌డేట్ చేస్తానని చెప్పుకునేది. ఉన్న ర్యామ్ 8 జీబీ. అందులో మూడు సాఫ్ట్‌వేర్లు ఒకే ఫ్యాన్‌ను తిప్పడానికి పోటీ పడుతున్నాయి.

ముందు ఒక తేడా పట్టుకోండి. డ్రైవర్ వేరు, ప్యానెల్ వేరు. డ్రైవర్ అంటే విండోస్‌కూ కార్డుకూ మధ్య మాట కలిపే ప్రోగ్రాం, అది లేకపోతే కార్డు సరిగ్గా పనిచేయదు. ప్యానెల్ అంటే కార్డు సెట్టింగులు మార్చుకునే కిటికీ, మన సౌకర్యానికి ఇచ్చింది, లేకపోయినా కార్డు నడుస్తుంది. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగినవాళ్లను నేను ఎదురు అడుగుతాను: దాంతో నువ్వు రోజూ ఏం చేస్తావు? గేమ్ రికార్డు చేస్తావా, ఫ్యాన్ వేగం మారుస్తావా, రంగులు సరిచేస్తావా? చాలామందికి జవాబు ఉండదు. అట్లాంటివాళ్లకు డ్రైవర్ ఒక్కటే చాలు.

తేలికా బరువా అన్నది డౌన్‌లోడ్ సైజు చూసి తేల్చొద్దు. వేయకముందు సిస్టమ్ రీస్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు ముట్టుకోకుండా వదిలి, టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ ఎంత వాడుతోందో కాగితం మీద రాసుకోండి. వేశాక మళ్లీ అట్లే చేయండి. ఆ రెండు అంకెల మధ్య తేడానే అసలు బరువు. స్టార్టప్ ట్యాబ్‌లో కొత్తగా ఏం చేరిందో కూడా అప్పుడే చూసుకోవచ్చు.

ఎన్‌విడియా కార్డయితే, వెబ్‌సైట్ నుంచి దించిన ఇన్‌స్టాలర్ మొదట్లోనే డ్రైవర్‌తో పాటు ఎన్‌విడియా యాప్ కూడా కావాలా, డ్రైవర్ ఒక్కటే చాలా అని అడుగుతుంది. రెండోది ఎంచుకుని, తర్వాత ఏ ముక్కలు కావాలో ఎంచుకోనిచ్చే కస్టమ్ నొక్కండి. ఎన్‌విడియా వాళ్ల పాత యాప్ జీఫోర్స్ ఎక్స్‌పీరియన్స్‌కు లాగిన్ తప్పనిసరి. 2024 నవంబరులో దాని స్థానంలోకి వచ్చిన యాప్‌కు ఆ గోల లేదు, కాబట్టి రికార్డింగ్ కావాలనుకునేవాళ్లు నిక్షేపంగా వేసుకోవచ్చు. పాత కంట్రోల్ ప్యానెల్ కనబడకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరుకుతుంది. ఇంకా సన్నగా కోసుకోవాలంటే టెక్‌పవర్‌అప్ వాళ్ల ఎన్‌వీక్లీన్‌స్టాల్ ఉంది, ఏ ముక్క కావాలో టిక్ పెట్టుకుంటూ పోవడమే. అయితే హెచ్‌డీ ఆడియో టిక్ తీసేముందు ఆలోచించండి. ఒక పెద్దాయనకు నేనే ఉత్సాహంగా తీసేసినా. సాయంత్రానికి ఫోన్: "ఏం నాయనా, టీవీలో బొమ్మ వస్తాంది గానీ మాట రాలేదే!" హెచ్‌డీఎంఐ తీగలో పోయే శబ్దానికి ఆ ముక్క కావాలి.

మీది జీటీఎక్స్ 1050 టీఐ లాంటి సెకండ్ హ్యాండ్ కార్డు అయితే అప్‌డేట్ల కోసం యాప్ పెట్టుకోవడం శుద్ధ దండగ. 900, 1000 సిరీస్‌లకు గేమ్ రెడీ డ్రైవర్లు (కొత్త గేముల కోసం వచ్చేవి) 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. 2028 అక్టోబరు దాకా మూడు నెలలకోసారి సెక్యూరిటీ ప్యాచులే వస్తాయి. వాటిని చేత్తో వేసుకోవచ్చు.

ఏఎండీ వాళ్ల ఇన్‌స్టాలర్‌లో అడిషనల్ ఆప్షన్స్ తెరిస్తే ఫుల్, మినిమల్, డ్రైవర్ ఓన్లీ అని మూడు ఉంటాయి. ఆఫీసు పనికి, ఆల్బమ్ పనికి నేను డ్రైవర్ ఓన్లీ వేసి పంపిస్తా. ఇంటెల్ ఆర్క్ కార్డులు మా దగ్గరికి అరుదు. వాటికి ఆర్క్ కంట్రోల్ పోయి ఇంటెల్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ వచ్చింది, అదొక్కటి పెట్టుకోండి.

ఇక అసలు సంగతి వేడి. మే నెలలో మా ఊళ్లో ఎండ 42 దాటడం మామూలే, చాలా స్టూడియోల్లో ఏసీ ఉండదు. ఇక్కడ మాత్రం ఒక కంట్రోల్ సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది. నా ఓటు ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌కు. పేరు ఎంఎస్‌ఐదైనా వేరే కంపెనీల కార్డులకూ పనిచేస్తుంది. ఎంఎస్‌ఐ సైట్ నుంచో గురు3డీ నుంచో మాత్రమే దించుకోండి. దీని పేరుతో వైరస్ అంటగట్టే నకిలీ సైట్లు చాలా తిరుగుతున్నాయి. వేసేటప్పుడు రివాట్యూనర్ కూడా వేయమంటావా అని అడుగుతుంది. స్క్రీన్ మీద ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) అంకెలు అక్కర్లేనివాళ్లు ఆ టిక్ తీసేయొచ్చు.

అందులో మీరు చేయాల్సిన పని ఒక్కటే, పవర్ లిమిట్, అంటే కార్డు తాగే కరెంటుకు ఉన్న హద్దు, కొంచెం తగ్గించడం. 100 శాతాన్ని 80కి దించి అప్లై నొక్కండి. స్పీడు పడిపోతుందేమోనని ఆ పిల్లోడు భయపడినాడు. వాడి ముందరే ఒకే వీడియోను రెండుసార్లు ఎక్స్‌పోర్ట్ చేసి చూపించినా. అర నిమిషం ఆలస్యమైంది, వేడి మాత్రం 83 డిగ్రీల నుంచి 74కు దిగింది. విండోస్ గుర్తు ఉన్న బటన్ నొక్కితే ప్రతిసారీ స్టార్టప్‌లో అదే లెక్క పడుతుంది. పడినాక ఆఫ్టర్‌బర్నర్‌ను మూసేసినా లిమిట్ నిలిచే ఉంటుంది. ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే ఫ్యాన్ కర్వ్ గీసుకుంటే మాత్రం ఆ సుఖం లేదు, అది నడవాలంటే సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ తెరిచే ఉండాలి. తేలిక కావాలంటే కర్వ్ జోలికి పోవద్దనేది అందుకే.

ఎన్‌విడియా డెస్క్‌టాప్ కార్డు ఉండి, ఆఫ్టర్‌బర్నర్ కూడా వద్దనుకుంటే, డ్రైవర్‌తోనే వచ్చే ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ (nvidia-smi) అనే కమాండ్ ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఆ పేరు ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, మైనస్ గుర్తుకు ఆనించి పీఎల్ అని, మళ్లీ ఖాళీ వదిలి వాట్లు రాయాలి. 170 వాట్ల ఆర్‌టీఎక్స్ 3060కి నేను 130 పెడతా, అంటే nvidia-smi -pl 130 అని. లిమిట్‌ను ఒప్పుకోని కార్డయితే అది అక్కడే చెప్పేస్తుంది. రీస్టార్ట్ చేస్తే ఈ లెక్క పోతుంది కాబట్టి విండోస్ ఆన్ కాగానే తనంతట తానే కమాండ్ నడిపేలా టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఇది పారదు.

ఏది పెట్టుకున్నా ఒకటే పెట్టుకోండి. ఏఎండీ ప్యానెల్‌లో ట్యూనింగ్, ఆఫ్టర్‌బర్నర్‌లో ట్యూనింగ్ రెండూ ఆన్ చేసి నా సొంత సిస్టమ్‌నే నేను తిప్పలు పెట్టినా. ఒకటి రాసింది ఇంకొకటి చెరిపేసి, ఫ్యాన్ ఒక నిమిషం అరిచి ఒక నిమిషం పడుకునేది. ఫ్యానే పాడైందనుకుని కార్డు మొత్తం విప్పేసినా కూడా.

పాత డ్రైవర్ల చెత్త వదిలించుకోవాలంటే డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) వాడండి. ఇంటర్నెట్ తీగ పీకేసి, విండోస్ అత్యవసరమైనవాటితో మాత్రమే తెరుచుకునే సేఫ్ మోడ్‌లోకి పోయి నడపాలి. తీగ పీకకపోతే రీస్టార్ట్ అయ్యేలోపల విండోస్ తనకు తోచిన డ్రైవర్‌ను వేసి కూర్చుంటుంది. కొత్త డ్రైవర్ ఫైలు ముందే పెన్‌డ్రైవ్‌లో దించి పెట్టుకోండి. బాగా నడిచిన పాత ఫైలు కూడా అందులోనే ఉంచుకోండి.