స్మార్ట్‌ఫోన్ ఎంపిక, 4వ పాఠం: హార్డ్‌వేర్ చూడాలా, సాఫ్ట్‌వేర్ చూడాలా?

గత పాఠంలో చిప్, ర్యామ్, డిస్‌ప్లే అంకెలు ఎలా చదవాలో చూశాం. ఈసారి ఆ అంకెల్ని రెండు కుప్పలు చేద్దాం. కొన్నాక అప్‌డేట్‌తో వచ్చేవి ఒక కుప్ప, ఎన్ని అప్‌డేట్లు వచ్చినా రానివి ఇంకో కుప్ప. ఫోన్‌లో లేని భాగాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టలేదు. ఉన్న భాగం ఎన్నేళ్లు నిశ్చింతగా వాడుకోవచ్చో మాత్రం సాఫ్ట్‌వేరే తేలుస్తుంది. రెంటినీ విడివిడిగా తూచాలి.

5జీ నేర్పిన పాఠం

మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. ఎయిర్‌టెల్ తొలి విడత ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. అప్పటికే చాలామంది చేతుల్లో 5జీ ఫోన్లున్నా తెర మీద 4జీ అనే కనిపించింది. మోడెమ్ ఉంది, యాంటెన్నా ఉంది, మన నెట్‌వర్కుల్లో వాటిని పనిచేయించే సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా రాలేదు. ఐఫోన్లకు అది డిసెంబరులో ఐఓఎస్ 16.2తో వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఒక్కో కంపెనీ ఒక్కో సమయంలో ఇచ్చింది. ఇది మొదటి కుప్ప, ఓపిక పడితే వచ్చేది.

రెండో కుప్పకు ఉదాహరణ కూడా ఇందులోనే ఉంది. జియో 5జీకి 3500 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని ఎన్78 బ్యాండుతో పాటు, 700 మెగాహెర్ట్జ్‌లోని ఎన్28 కూడా వాడుతుంది. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ సిగ్నల్ ఎక్కువ దూరం వెళ్తుంది, గోడల్ని బాగా దాటుతుంది. ఎన్28కి తగ్గ హార్డ్‌వేర్ లేని ఫోన్‌లో, ఎన్78 అందని లోపలి గదికి వెళ్లగానే 5జీ పోయి 4జీకి దిగవచ్చు. దానికి ఏ అప్‌డేటూ మందు కాదు.

అందుకే కొనేముందు కంపెనీ సైటులో ఆ మోడల్ స్పెసిఫికేషన్లు తెరిచి 5జీ బ్యాండ్ల వరుస చదవండి. ఎన్78, ఎన్28 రెండూ ఉండాలి. భారత్‌లో అమ్మే వేరియంట్ పేజీనే చూడండి. విదేశాల నుంచి బంధువులు తెచ్చే ఫోన్‌లో పేరు అదే ఉన్నా బ్యాండ్లు వేరుగా ఉండొచ్చు.

స్టోరేజీ: ఎన్ని జీబీ అన్నదే కాదు, ఏ రకం అన్నది

చవక ఫోన్లు ఏడాది తిరిగేసరికి మొరాయించడానికి చాలాసార్లు కారణం చిప్ కాదు, స్టోరేజీ. ఈఎంఎంసీ రకం స్టోరేజీ ఒక సమయంలో చదవడమో రాయడమో ఒక్కటే చేయగలదు. యూఎఫ్ఎస్ రెండూ ఒకేసారి చేస్తుంది. ఈఎంఎంసీ ఫోన్‌లో వెనక ప్లేస్టోర్ ఏదో యాప్‌ను అప్‌డేట్ చేస్తుంటే, ముందు మీరు యూపీఐ యాప్ తెరవబోతే తెల్ల తెర అలాగే నిలబడిపోతుంది. స్టోరేజీ దాదాపు నిండితే ఇది ఇంకా ముదురుతుంది, ఎందుకంటే ఫ్లాష్ మెమరీకి పాత బ్లాకులు చెరిపి కొత్తవి రాసుకోవడానికి ఖాళీ కావాలి. ఏ రకమైనా 10 నుంచి 15 శాతం ఖాళీ ఉంచుకోవడం మంచిది.

స్పెక్స్‌లో స్టోరేజీ రకం రాయకపోతే ఈఎంఎంసీ అనే అనుకోండి. యూఎఫ్ఎస్ పెట్టిన కంపెనీ ఆ మాట చెప్పుకోకుండా ఉండటం అరుదు.

"8 జీబీ ర్యామ్" అన్న పెద్ద అక్షరాల కింద "4+4" అని చిన్నగా ఉంటే అసలు ర్యామ్ 4 జీబీయే. మిగతా నాలుగూ స్టోరేజీలోంచి కోసి ఇచ్చినవి. ర్యామ్ ముందు స్టోరేజీ వేగం ఏ మూలకూ రాదు, పైగా అదనపు రాతలతో ఆ స్టోరేజీకే భారం. దానికి డబ్బు పెట్టకండి.

అప్‌డేట్ల గడువు లెక్క

గడువును మీరు కొన్న రోజు నుంచి లెక్కపెట్టకూడదు, ఆ మోడల్ విడుదలైనప్పటి నుంచి లెక్కపెట్టాలి. 2024 జనవరిలో వచ్చిన గెలాక్సీ ఎస్24కు శాంసంగ్ ఏడేళ్లు మాట ఇచ్చింది. దాన్నే 2027 జనవరిలో తగ్గింపు ధరకు కొంటే మీకు మిగిలేవి నాలుగేళ్లే.

ఆ మాటలో అంకెలు రెండుంటాయి. గెలాక్సీ ఎ15కు నాలుగు ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఐదేళ్ల సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాల్ని పూడ్చే చిన్న అప్‌డేట్లు) అన్నారు. ఆండ్రాయిడ్ 14తో వచ్చింది కాబట్టి 18తో ఆగుతుంది. వెర్షన్ ఆగినా యాప్‌లు ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయి. వాట్సాప్ ఆండ్రాయిడ్ 4.4ను వదిలేసింది 2025లోనే. ప్యాచ్‌లు ఆగడమే అసలు నష్టం, అందులోనూ బ్యాంకు యాప్‌లున్న ఫోన్‌కు. రెండు అంకెల్లో సెక్యూరిటీ ఏళ్లకే ఎక్కువ విలువ ఇవ్వండి.

షాపులో డెమో ఫోన్ తీసుకుని సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, ఆండ్రాయిడ్ వెర్షన్ వరుసలో వెళ్తే సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో అది ఇంకో మెనూలో ఉంటుంది, సెట్టింగ్స్‌లో వెతికితే దొరుకుతుంది. ఆ తేదీ చూసి వెంటనే తీర్పు చెప్పకండి, డెమో ఫోన్లకు చాలాసార్లు నెట్ ఉండదు. వైఫై కలిపి, అప్‌డేట్ ఉందేమో వెతికించి, ఉంటే ఎక్కించి, మళ్లీ చూడండి. ఇక అప్‌డేట్ లేదన్నాక కూడా ఆ తేదీ నాలుగు నెలల కంటే పాతదైతే ఆ కంపెనీ ఇచ్చిన మాటను కాస్త తగ్గించి లెక్కేయండి.

రెండూ ముడిపడే చోటు

బ్యాటరీ అరిగితే సాఫ్ట్‌వేరే ఫోన్‌ను నెమ్మది చేయవచ్చు. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1 అరిగిన బ్యాటరీలున్న కొన్ని ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా చిప్ గరిష్ఠ వేగాన్ని తగ్గించింది. ఆ సంగతి ఆపిల్ ఒప్పుకున్నది డిసెంబరులో. బ్యాటరీ మారిస్తే వేగం తిరిగొచ్చింది. అదే వరసలోని ఐఫోన్ 6ఎస్ 2015లో ఐఓఎస్ 9తో వచ్చి 2021లో ఐఓఎస్ 15 దాకా వెళ్లింది. అన్నేళ్ల అప్‌డేట్లను అనుభవించాలంటే మధ్యలో బ్యాటరీ ఖర్చు తప్పదు. కాబట్టి ఏడేళ్ల మాట ఉన్న ఫోన్ కొంటుంటే, మీ ఊళ్లోనో దగ్గర పట్టణంలోనో సర్వీస్ సెంటర్ ఉందా, బ్యాటరీ మార్చడానికి ఎంత తీసుకుంటారు అన్నది ముందే అడగండి.

ఇక తూకం. 15 వేల లోపైతే మా ఓటు హార్డ్‌వేర్‌కే: యూఎఫ్ఎస్, 6 జీబీ అసలు ర్యామ్, 128 జీబీ. ఇవి లేని ఫోన్‌కు ఆరేళ్ల అప్‌డేట్లు ఇచ్చినా దాన్ని వాడే ఓపిక మీకు మిగలదు. 25 వేలు దాటితే ఇవన్నీ సాధారణంగా ఉంటాయి, అక్కడ సెక్యూరిటీ ఏళ్లే గీటురాయి. మధ్య ధరల్లో రెండూ సమానంగా చూడండి.

అభ్యాసం

మీరు కొనాలనుకుంటున్న రెండు మోడళ్లకు ఈ ఆరు రాసుకోండి: విడుదలైన నెల, సెక్యూరిటీ గడువు ముగిసే ఏడాది, 5జీ బ్యాండ్లు, స్టోరేజీ రకం, అసలు ర్యామ్, బ్యాటరీ మార్పిడి ఖర్చు. తర్వాత ధరను మిగిలిన సెక్యూరిటీ ఏళ్లతో భాగించండి. 18,000 ఫోన్‌కు మూడేళ్లు మిగిలితే ఏడాదికి 6,000. 24,000 ఫోన్‌కు ఆరేళ్లు మిగిలితే 4,000, బ్యాటరీ ఖర్చు దానికి కలపాలి. ఆ కాగితం దాచుకోండి, 5వ పాఠంలో కెమెరా గురించి చెప్పుకునేటప్పుడు ఇవే రెండు మోడళ్లతో పని ఉంటుంది.