మందు ఎంత లోతుకు వెళ్లాలి? మెషీన్ కొనే ముందు తేల్చుకోవాల్సిన విషయం

కొత్తగా స్కిన్ క్లినిక్ పెడుతున్న జూనియర్లు ఫోన్ చేసి మొదట అడిగేది, "మేడమ్, ఏ మెషీన్ కొనమంటారు?" అని. నేను తిరిగి అడిగేది ఒకటే: మీ ఊళ్లో మీ దగ్గరికి మంగు మచ్చలవాళ్లు ఎక్కువ వస్తారా, మొటిమల గుంటలవాళ్లా, ముడతలవాళ్లా? విజయవాడలో నా ఓపీలో మంగుదే పైచేయి. ఈ మూడింటికీ మందు చేరాల్సిన లోతు వేరు. ఆ లోతు తేలితే పద్ధతి దాదాపు తేలిపోయినట్టే.

ముఖం మీద ఎపిడెర్మిస్ (చర్మం పై పొర) మందం సుమారు 0.1 మిల్లీమీటరు. దానిలో అన్నిటికంటే పైనుండే మృతకణాల పొర అందులో ఐదో వంతు కూడా ఉండదు. అయినా బయటి వస్తువుల్ని ఆపేది ఆ పలచటి పొరే. 2000లో బాస్, మైనార్డీ అనే ఇద్దరు డచ్ డాక్టర్లు ఒక లెక్క చెప్పారు: 500 డాల్టన్ల (అణువు బరువుకు కొలమానం) కంటే పెద్ద అణువు మామూలు చర్మం గుండా లోపలికి వెళ్లడం కష్టం. ఏ సీరమ్ చేతికి వచ్చినా నేను ముందు ఈ లెక్కే చూస్తాను. మంగుకు వాడే ట్రానెక్సామిక్ యాసిడ్ 157, విటమిన్ సి 176, విటమిన్ ఎ రకమైన ట్రెటినాయిన్ 300. ఇవి చిన్నవి. హైలురోనిక్ యాసిడ్ మాత్రం లక్షల్లో ఉంటుంది. దాన్ని ముఖానికి ఎంతసేపు రుద్దినా పై పొరకు తేమ ఇస్తుందే తప్ప దాని కింది పొర డెర్మిస్‌కు చేరదు. అక్కడికి చేరాలంటే సూదితో ఇవ్వాల్సిందే. "మా సీరమ్ చర్మం లోతుల్లోకి ఇంకుతుంది" అని రెప్రజెంటేటివ్ చెబితే, ఆ అణువు బరువెంతో అడగండి.

అణువు చిన్నదైతే చాలని కూడా అనుకోవద్దు. విటమిన్ సి (ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్) చర్మంలోకి వెళ్లాలంటే పీహెచ్ 3.5 కంటే తక్కువ ఉండాలి. గాయం లేని చర్మం ఆ ఆమ్లాన్ని ఓర్చుకుంటుంది. సూదులతో రంధ్రాలు చేసిన చర్మం మీద అదే సీసా వంచడం వేరే సంగతి. 2014లో జామా డెర్మటాలజీ అనే వైద్య పత్రికలో ముగ్గురు మహిళల కేసులు వచ్చాయి. మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో చర్మంలో రంధ్రాలు చేయడం) చేయించుకున్నాక వాళ్ల ముఖం మీద గ్రాన్యులోమాలు (వాపు గడ్డలు) లేచాయి. వారిలో సూదులతో పాటు పైపూత విటమిన్ సి సీరమ్ వాడినవాళ్లున్నారు. పై పొర మీద పూయడానికి తయారైన సీరమ్‌లో సువాసనలు, ప్రిజర్వేటివ్‌లు ఉంటాయి. అవి డెర్మిస్‌లోకి వెళ్లాల్సినవి కావు. అందుకే నా క్లినిక్‌లో డెర్మాపెన్ (మైక్రోనీడ్లింగ్ చేసే పెన్ను లాంటి పరికరం) ట్రేలోకి ఇంజెక్షన్‌గా వాడదగ్గ స్టెరైల్ ఆంపూల్ (సీల్ చేసిన చిన్న మందు సీసా) తప్ప ఏదీ రాదు. పంపు మూత ఉన్న సీసా ఎంత ఖరీదైనదైనా ఆ ట్రేలో పెట్టనివ్వను.

మంగు దగ్గర కాస్త ఆగుదాం. మన ఎండలో, మన చర్మం రంగులో ఇదే ఎక్కువ కష్టపెడుతుంది. కోస్తాలో మే నెల ఎండ సంగతి తెలిసిందే. దానికి తోడు ఫెయిర్‌నెస్ పేరుతో స్టెరాయిడ్ కలిసిన క్రీములు ఏళ్ల తరబడి రాసుకుని వచ్చేవాళ్లు చాలామంది. ముఖం ఎర్రగా, పలచగా ఉండి, సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తుంటే ముందు ఆ క్రీము మాన్పించి చర్మం కుదుటపడేదాకా ఆగుతాను. అప్పటిదాకా ఏ మెషీనూ వద్దు. ఆ తర్వాత కూడా మంగుకు చర్మాన్ని చుక్కలు చుక్కలుగా కాల్చే ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో మొదలుపెట్టను. ఆ వేడికి మన చర్మంలో రంగు మరింత ముదిరే ప్రమాదం ఉంది. పూత మందులు, సన్‌స్క్రీన్ సరిగ్గా వాడినా చాలనప్పుడు ట్రానెక్సామిక్ యాసిడ్ లోపలికి ఇవ్వడం గురించి ఆలోచిస్తాను.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది చర్మంలోకి చిన్న చిన్న ఇంజెక్షన్లు. కొరియాలో 2006లో వచ్చిన అధ్యయనంలో మిల్లీలీటరుకు 4 మి.గ్రా. బలం ఉన్న ద్రావణాన్ని, సెంటీమీటరుకొక చోట 0.05 మి.లీ. చొప్పున, వారానికోసారి 12 వారాలు ఇచ్చారు. మన దగ్గర దొరికే ఆంపూల్ 5 మి.లీ.లో 500 మి.గ్రా., అంటే మిల్లీలీటరుకు 100. దాన్ని పలచన చేయాలి. ఒక మి.లీ. పట్టే 100 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో 4 యూనిట్ల గీత దాకా మందు తీసుకుని, మిగతాది స్టెరైల్ సెలైన్‌తో నింపితే 4 మి.గ్రా. బలం వస్తుంది. ఇక్కడ సిస్టర్‌కు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది: 40 యూనిట్ల సిరంజి (ఎర్ర మూత) తీసుకోకూడదు. దాంట్లో అదే 4 గీత దాకా తీస్తే మందు 10 మి.గ్రా. అవుతుంది. నేను రెండు రకాల సిరంజిలను ఒకే డ్రాయర్‌లో ఉంచనివ్వను. ఇది మంగు కోసం ఆమోదం పొందిన వాడకం కాదని పేషెంటుకు చెప్పి, సంతకం తీసుకోవాలి. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే ఈ మందు వద్దు. గర్భిణులకు కూడా ఇవ్వను.

రెండో దారి డెర్మాపెన్. నొప్పి తక్కువ, ముఖమంతా సమానంగా పడుతుంది. మందు చేరవేయడమే పని అయితే 0.25 నుంచి 0.5 మి.మీ. లోతు చాలు, కొద్దిగా ఎరుపు రాగానే ఆపేయొచ్చు. రక్తపు చుక్కలు కనిపించేదాకా కుట్టాల్సింది మొటిమల గుంటలకు. అక్కడ 1.5 నుంచి 2 మి.మీ. దాకా వెళ్తాం. గుంటలకు పనిచేసేది మందు కాదు, ఆ గాయం మానే క్రమంలో పుట్టే కొల్లాజెన్. ఈ తేడా తెలియక మంగు మీద లోతుగా కుట్టితే నల్లమచ్చలు కొత్తగా వస్తాయి. రంధ్రాలు కొద్ది గంటల్లోనే మూసుకుపోతాయి కాబట్టి మందు సూదితో పాటే పడాలి, ఇంటికెళ్లాక రాసుకోమని ఇవ్వకూడదు. ఎండాకాలంలో ఈ సిట్టింగులు సాయంత్రం ఐదు దాటాకే పెడతాను. పేషెంట్ బయటికొచ్చేసరికి పొద్దు వాలిపోవాలి.

గుంటలు లోతుగా ఉంటే మైక్రోనీడ్లింగ్ ఆర్‌ఎఫ్ (సూదుల ద్వారా రేడియో తరంగాల వేడి పంపడం) మన చర్మానికి నప్పే పద్ధతి. ఇన్సులేటెడ్ సూదులున్నదే తీసుకోండి. వేడి సూది మొనలోనే పుడుతుంది, పై పొర కాలదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు ఇదీ వద్దు, కరెంటుతో మందు పంపే అయాంటోఫోరెసిస్ కూడా వద్దు.

వాడిపోయి, సన్నటి గీతలు పడ్డ ముఖానికి స్కిన్ బూస్టర్లు (తేమ నిలిపే హైలురోనిక్ యాసిడ్ ఇంజెక్షన్లు). వీటిని రక్తనాళాలు తక్కువున్న కొన్ని నిర్ణీత బిందువుల్లో ఇస్తే సరిపోయే రకాలు వచ్చాయి. ఎక్కువ ప్రాంతానికి పరచాలంటే 25 గేజ్ కాన్యులా (మొన మొద్దుగా ఉండే సన్నటి గొట్టం) వాడండి, సూదికంటే కమిలిన మచ్చలు తగ్గుతాయి. ఏ హైలురోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇచ్చినా ఫ్రిజ్‌లో దాన్ని కరిగించే మందు హయలురోనిడేజ్ ఉండాలి. అది లేని రోజు ఆ అపాయింట్‌మెంట్ వాయిదా వేస్తాను.

పీఆర్‌పీ (పేషెంట్ రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం) విషయంలో ఒక్క మాట. అమెరికాలోని ఆల్బుకర్కీలో ఒక స్పాలో పీఆర్‌పీ ఫేషియల్ చేయించుకున్నవాళ్లకు హెచ్‌ఐవీ సోకింది. 2018లో బయటపడిన ఆ కేసుల మీద 2024లో అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నివేదిక ఇచ్చింది. రక్తం తీసే ట్యూబు మీద పేషెంట్ పేరు పేషెంట్ ముందే రాయండి. సూదుల కార్ట్రిడ్జ్ కూడా వాళ్ల కళ్ల ముందే విప్పండి, అయిపోగానే షార్ప్స్ డబ్బాలో వేయండి.

గ్లూటాథయోన్ డ్రిప్ అడిగేవాళ్లు రోజూ వస్తారు. చర్మం తెల్లబడటానికి ఎక్కించే ఏ ఇంజెక్షన్‌కూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం లేదు, ఫిలిప్పీన్స్ ఎఫ్‌డీఏ అయితే దీని మీద ప్రజలకు హెచ్చరికలే జారీ చేసింది. నేను పెట్టను. "పక్క క్లినిక్‌లో పెడతారట మేడమ్" అన్నా సరే, పెట్టను.

పెళ్లికూతుళ్ల సంగతి వేరుగా చూడాలి. ముహూర్తానికి మూడు నెలలు ముందొస్తే పైన చెప్పినవన్నీ ఆలోచించొచ్చు. పది రోజులుందనగా తల్లి చెయ్యి పట్టుకుని వస్తే సూదులూ లేజర్లూ పక్కన పెట్టి, పై పొరను శుభ్రం చేసి తేమ పట్టించే హైడ్రాఫేషియల్ లాంటిది చాలు. పసుపు నలుగు పెట్టే రోజుకు చర్మం మీద గాయం ఉండకూడదని ఆ తల్లికి విడమరచి చెబితే వెంటనే అర్థం చేసుకుంటుంది.

ఇక కేసు షీటులో తప్పకుండా రాయాల్సినవి: సూది లోతు, ఎన్ని పాస్‌లు (ఒకే చోట సూది ఎన్నిసార్లు నడిపారో), మందు బ్యాచ్ నంబరు, నంబింగ్ క్రీమ్ (చర్మాన్ని మొద్దుబార్చేది) ఎంతసేపు ఉంచారో, ప్రతిసారీ ఒకే లైటులో తీసిన ఫోటో. పెదవి మీద తరచూ పొక్కులు వచ్చేవాళ్లా, గాయం మానాక మచ్చ ఉబ్బే తత్వం ఉందా అన్నది మొదటి రోజే అడిగి ఎర్ర ఇంకుతో పైన రాయిస్తాను.