తలకు దెబ్బ తగిలిందా? స్కాన్ నార్మల్ వచ్చినా ఇవి చేయండి

విశాఖపట్నం ఎన్ఏడీ జంక్షన్ దగ్గర మా తమ్ముడి బండిని పక్కనుంచి ఆటో గుద్దింది. హెల్మెట్ ఉంది, స్పృహ పోలేదు, మోచెయ్యి మాత్రం గీరుకుపోయింది. గోపాలపట్నంలో ఉన్న నాకు ఫోన్ చేసి "ఏం కాలేదక్కా, టెన్షన్ పడకు" అన్నాడు. ఆటో అతను రెండు వేలు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. రాత్రి అన్నం తింటూ "అక్కా, బండి ఎక్కడ పెట్టాను?" అని అడిగాడు. చెప్పాను. పది నిమిషాలకు మళ్లీ అదే మాట. మూడోసారి అడిగేసరికి నా గుండె జారిపోయింది.

దీన్ని కన్‌కషన్ అంటారు. పుర్రె లోపల మెదడు గట్టిగా కుదుపుకు లోనై, కొన్నాళ్లు సరిగ్గా పనిచేయదు. స్పృహ తప్పితేనే కన్‌కషన్ అనుకోకండి. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది కానీ లోపలి కుదుపును పూర్తిగా ఆపలేదు. సీటీ స్కాన్ తీసేది రక్తస్రావం, పుర్రె విరగడం ఉన్నాయేమో చూడటానికి. కన్‌కషన్ సాధారణంగా అందులో కనిపించదు. అందుకే ఇంట్లోవాళ్ల కళ్లే ముఖ్యం.

మా వాడికి మరునాడు ట్యూబ్‌లైట్ వెలుతురు పడలేదు, కుక్కర్ విజిల్‌కు చెవులు మూసుకున్నాడు. ఎప్పుడూ గొంతు పెంచనివాడు అమ్మ మీద అరిచాడు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నిద్రలో తేడా, ప్రమాదం ముందూ వెనకా జరిగినవి గుర్తులేకపోవడం కూడా ఉండొచ్చు. కొన్ని గంటల తర్వాతో, ఒకటి రెండు రోజులకో బయటపడతాయి.

మళ్లీ మళ్లీ వాంతులు, అంతకంతకూ పెరిగే తలనొప్పి, ఫిట్స్, మాట తడబడటం, ఓ చెయ్యో కాలో పట్టు తప్పడం, ఒక కంటి పాప పెద్దదవడం, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలా కారడం, లేపినా లేవకపోవడం: వీటిలో ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. పెద్దవయసువాళ్లకు, రక్తం పలుచనయ్యే మందులు వాడేవాళ్లకు చిన్న దెబ్బ తగిలినా చూపించాల్సిందే.

ఇక మేం చేసిన తప్పు చెబుతాను. ఆ రాత్రే వీధి చివర క్లినిక్‌కు తీసుకెళితే, మా వాడు "బండి మీద నుంచి పడ్డాను" అన్నాడు. చీటీలో అదే రాశారు. తర్వాత పరిహారం కేసులో ఆటో ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు పట్టుకున్నది ఆ ఒక్క లైనునే. కాబట్టి ఫలానా నంబరు వాహనం గుద్దిందని డాక్టరుకు మొదటిసారే చెప్పండి. ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలియజేసే ఆసుపత్రి రికార్డు) నమోదు చేయమని అడగండి. మేం మరునాడు కేజీహెచ్ (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీలో చేయించాం. ఆటో నంబరు టీ కొట్టు అతను రాసిపెట్టాడు కాబట్టి సరిపోయింది. ఆయన మేలు మరిచిపోలేను.

ఎఫ్ఐఆర్ ఆలస్యం చేయకండి. రోడ్డు మీద డబ్బు తీసుకుని "రాజీ పడ్డాం" అని సంతకం పెట్టకండి. పరిహారం కట్టాల్సింది చాలాసార్లు ఆ వాహనం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కంపెనీయే, డ్రైవరు జేబు కాదు.

ఒక నోట్‌బుక్ పెట్టండి. మందుల బిల్లులు, ఆటో ఛార్జీలు అతికించండి. రోజూ తేదీ వేసి, ఏం చేయలేకపోయాడో రాయండి: "ఈరోజు ఫోన్ ఐదు నిమిషాలు చూస్తే తలనొప్పి." ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం, గాయం వల్ల 15 రోజులు రోజువారీ పనులు చేసుకోలేకపోతే దాన్ని తీవ్ర గాయంగా లెక్కిస్తారు. పైకి కనిపించని గాయానికి ఆ 15 రోజుల్ని నిరూపించేది డాక్టరు కాగితాలు, ఆఫీసు సెలవు లెటరు, ఈ నోట్‌బుక్కే. సెలవు వల్ల పోయిన జీతం కూడా పరిహారంలో అడగొచ్చు.

మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద, వాహన ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. ప్రమాదం జరిగిన చోటైనా, మీరుండే చోటైనా వేయొచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయసాయం అందుతుంది. మేం గడువు తేదీ చుట్టూ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, నాలుగో నెలలోనే వేశాం.